క్రేన్ లిఫ్ట్ ప్లాన్ నేల నుంచి మొదలుపెట్టాను – నా అనుభవం

కొత్త చిల్లర్‌ని (బిల్డింగ్ ఏసీకి నీళ్లు చల్లబరిచే పెద్ద మెషీన్‌ని) ఐదంతస్తుల బిల్డింగ్ పైకప్పు మీదికి ఎక్కించే పని నా చేతికి వచ్చిన రోజు నుంచి అందరూ అడిగింది ఒకటే, "ఎన్ని టన్నుల క్రేన్ చెప్పమంటారు?" అని. పర్చేజ్ వాళ్లు అడిగారు, ప్రాజెక్ట్ మేనేజర్ అడిగారు, క్రేన్ ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి మరీ అడిగారు. తొమ్మిది టన్నుల మెషీనేగా, 25 టన్నుల క్రేన్ సరిపోదా అన్నారొకరు. ఎందుకొచ్చిన గొడవ, 50 టన్నులది పెట్టేస్తే నిశ్చింత కదా అన్నారింకొకరు. "నేల చూడకుండా చెప్పలేనండీ" అన్నాను. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. పని మొత్తం అయ్యాక కూడా నేను అదే అంటాను, క్రేన్ సైజు మొదట తేలేది కాదు, చివర తేలేది. మా పనిలో ఏది ముందు తేలింది, ఏది దేన్ని మార్చింది అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మొదటిసారి లిఫ్ట్ ప్లాన్ (క్రేన్‌తో బరువు ఎలా లేపాలన్న ప్లాన్) చేసేవాళ్లకి ఫారాలు బోలెడు దొరుకుతాయి కానీ ఈ వరస ఎవరూ చెప్పరు.

ముందు ఒక్క విషయం. 80 టన్నుల క్రేన్ అంటే ఎక్కడ నిలబెట్టినా 80 టన్నులు లేపుతుందని కాదు. అది బూమ్ (క్రేన్ పొడవాటి చెయ్యి) బాగా కుదించి, లోడ్ క్రేన్‌కి సుమారు మూడు మీటర్ల దగ్గర ఉన్నప్పటి అంకె. క్రేన్ తిరిగే నడిమధ్య నుంచి హుక్కు వేలాడే చోటిదాకా ఉండే అడ్డదూరాన్ని రేడియస్ అంటాం. అది పెరిగేకొద్దీ లేపగలిగే బరువు గబగబా పడిపోతుంది. మేం చివరికి తెప్పించిన 80 టన్నుల క్రేన్ లోడ్ చార్ట్‌లో (ఎంత దూరంలో ఎంత లేపొచ్చో చెప్పే పట్టికలో), 34 మీటర్ల బూమ్‌కి, ఫుల్ కౌంటర్‌వెయిట్‌తో (క్రేన్ ఒరగకుండా వెనక పెట్టే బరువుతో), 12.5 మీటర్ల దగ్గర 17.3 టన్నులు ఉంది. 14 మీటర్ల దగ్గర 14.9. 15.5 దగ్గరికొచ్చేసరికి 12.9. అంటే మూడు మీటర్లు దూరం జరిగితే నాలుగు టన్నులకి పైగా పోయినట్టే. కాబట్టి క్రేన్ ఎక్కడ నిలబడుతుందో తెలియకుండా ఎన్ని టన్నులదో చెప్పలేం, నేల ఒప్పుకోకుండా ఎక్కడ నిలబడుతుందో చెప్పలేం.

బరువు సంగతి తేలికే అనుకుంటారు గానీ అదీ అంత తేలిక కాదు. కేటలాగ్‌లో 8.6 టన్నులు అని ఉంది, మాకొచ్చిన ప్యాకింగ్ లిస్టులో 9.2 అని ఉంది. తేడా ఎందుకని తయారీవాళ్లని అడిగితే, మేం ఆర్డర్‌లో అదనంగా అడిగిన కాపర్ ఫిన్లు, శబ్దం తగ్గించే కవర్లు, కింద వేసిన స్టీల్ ఫ్రేమ్ కలిపితే అంత వచ్చిందన్నారు. కేటలాగ్‌లోది మామూలు మోడల్ బరువు. అందుకే మా మెషీన్ సీరియల్ నంబర్ ఉన్న డ్రాయింగే కావాలని, అందులో లేపే పాయింట్లు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ, నీళ్లు లేనప్పటి బరువు మూడూ ఉండాలని పట్టుబట్టి తెప్పించుకున్నాను. ఇక హుక్కుకి వేలాడేది చిల్లర్ ఒక్కటే కాదు కదా. హుక్ బ్లాక్ (హుక్కూ దాని కప్పీలూ) 0.6 టన్నులు, స్ప్రెడర్ బీమ్ (స్లింగుల్ని ఎడంగా పట్టి ఉంచే అడ్డ దూలం) 0.75, స్లింగులూ (లోడ్‌ని కట్టి లేపే బెల్టులు, చెయిన్లు) వాటిని తగిలించే షాకిళ్లూ కలిపి 0.25, బూమ్ చివర ఉండే చిన్న హుక్కు 0.1. అన్నీ కలిపితే 10.9 టన్నులు. చార్ట్‌తో పోల్చాల్సింది ఈ 10.9ని, 9.2ని కాదు. అమెరికా నిబంధనల్లో స్టీల్ నిర్మాణాలకి సంబంధించిన భాగంలో, చార్ట్ సామర్థ్యంలో 75 శాతం దాటినా, ఒకే లోడ్‌కి ఒకటికి మించి క్రేన్లు వాడినా దాన్ని క్రిటికల్ లిఫ్ట్ (ప్రత్యేక జాగ్రత్త కావాల్సిన లిఫ్ట్) అంటారు. మేమూ ఆ 75 శాతాన్నే గీతగా పెట్టుకున్నాం.

ఇక నేల. నా సమయంలో సగానికి పైగా దీనికే పోయింది, పోవాల్సిందే కూడా.

బిల్డింగ్ గోడకి 7.5 మీటర్ల దూరంలో క్రేన్ సెంటర్ ఉంటే రేడియస్ 12.5 వస్తుంది, లోడ్ చార్ట్ సామర్థ్యంలో 63 శాతమే. కాగితం మీద చక్కగా కుదిరింది. ఆ చోటు చూడ్డానికీ బాగుంది, మొత్తం కాంక్రీట్ వేసిన యార్డ్, రోజూ లారీలు తిరిగే దారి. "లారీలు తిరుగుతూనే ఉన్నాయిగా, ఇంకేం చూడాలి" అనే మాట ఎంతమంది దగ్గర విన్నానో. లారీ బరువు చాలా చక్రాల మీద పంచుకుని పడుతుంది. క్రేన్ లోడ్ లేపి పక్కకి తిరిగినప్పుడు బరువంతా సమానంగా నాలుగు జాకీల (క్రేన్ ఆని నిలబడే కాళ్ల) మీద పడదు, బూమ్ ఏ మూలకి తిరిగితే ఆ మూల జాకీ మీద కుప్పపడుతుంది. ఏజెన్సీ వాళ్లు తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో మా లిఫ్ట్ వేసి చూస్తే బిల్డింగ్ వైపు ఒక జాకీ మీద 41 టన్నులు అని వచ్చింది. జాకీ అడుగు అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు, అంటే పావు చదరపు మీటరు. చదరపు మీటరుకి లెక్కేస్తే 164 టన్నులు. ఆ ఒత్తిడికి మామూలు యార్డ్ కాంక్రీట్ పగిలి కిందికి దిగిపోతుంది.

అందుకని యార్డ్‌లో ప్లేట్ లోడ్ టెస్ట్ (నేల మీద ఇనుప పలక పెట్టి, బరువు మోపి, ఎంత దిగుతుందో చూసే పరీక్ష) చేయించాం. చదరపు మీటరుకి 20 టన్నుల దాకా పెట్టొచ్చని రిపోర్ట్ వచ్చింది. 41ని 20తో భాగిస్తే 2.05 చదరపు మీటర్లు కావాలి. మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న మ్యాట్ (జాకీ కింద వేసే గట్టి పలక) అయితే 2.25 వస్తుంది, నేల మీద ఒత్తిడి 18 చిల్లరకి దిగుతుంది. మ్యాట్ వెడల్పు ఒక్కటే చూసుకుంటే చాలదు, వంగకుండా ఉండేంత గట్టిది కావాలి. పలచటి ప్లేట్ వేస్తే జాకీ కింద మాత్రమే నొక్కుకుని అంచులు పైకి లేస్తాయి, అప్పుడు 2.25 చదరపు మీటర్లు అన్న మాటకి అర్థమే లేదు. నాలుగు జాకీలకీ ఒకే సైజు మ్యాట్లు అడిగాను. ట్రైలర్ మీద నుంచి లేపి బిల్డింగ్ వైపు తిప్పేటప్పుడు బరువు ఒక జాకీ నుంచి ఇంకో జాకీకి మారుతూ పోతుంది, ఖాళీగా ఉన్నప్పుడు కౌంటర్‌వెయిట్ వైపు జాకీల మీదే ఎక్కువ పడుతుంది. ఒక్క మూలకే పెద్ద మ్యాట్ వేసి మిగతా చోట్ల చెక్కలు సర్దే పద్ధతి నాకు అసలు ఇష్టం లేదు.

అక్కడితో అయిపోయిందనుకునే లోపు ఒకరోజు పొద్దున యార్డ్‌లో నిలబడి ఉన్నాను. రాత్రి చిన్న జల్లు పడింది. ఎండ తగిలి కాంక్రీట్ అంతా తెల్లగా ఆరిపోయింది, ఒక్క చోట మాత్రం బారెడు వెడల్పున నల్లటి చార అలాగే తడిగా ఉంది. గీత గీసినట్టు తిన్నగా ఈ చివర నుంచి ఆ చివరకి, సరిగ్గా బిల్డింగ్ వైపు జాకీలు వచ్చే చోటు పక్క నుంచి పోతోంది. దగ్గరికెళ్లి చూస్తే రెండు వైపులా సన్నటి పగుళ్లు. సుత్తితో కొడితే అక్కడ శబ్దం వేరు, పక్కన వేరు. మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్ల నుంచి ఉన్న పెద్దాయన్ని పిలిచి, "బాబాయ్, దీని కింద ఏముంది?" అని అడిగాను. "పాత డ్రైన్ అమ్మా. పైపు తీసేసి మట్టి కొట్టి పైన సిమెంటు చేశారు. మీ డ్రాయింగ్‌లో ఉండదు" అన్నాడు. నిజంగానే లేదు.

కేబుల్ లొకేటర్‌తో చూసి, కరెంటు కేబుళ్లు లేవని తేల్చుకున్నాక, మెషీన్ పెట్టకుండా చేత్తో గొయ్యి తవ్వించాం. కాంక్రీట్ పొర తీయగానే కింద గుల్లమట్టి, ఇటుక ముక్కలు, పాలిథిన్ కవర్లు. ఇనుప ఊచ పట్టుకుని చేత్తో నొక్కితే మోకాలి లోతు దిగిపోయింది. అడుగు 1.8 మీటర్ల దగ్గర తగిలింది. ప్లేట్ లోడ్ టెస్ట్ చేసిన చోటు దీనికి నాలుగు మీటర్ల అవతల ఉంది, అక్కడ నేల గట్టిదే, రిపోర్ట్‌లో తప్పేం లేదు. ఒక చోట చేసిన టెస్ట్ ఆ చోటికే చెల్లుతుంది, అంతే. యార్డ్ మొత్తానికీ ఒకే కాగితం చాలనుకునేవాళ్లకి ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

దారులు రెండు. ఆ మట్టంతా తీసి, కంకర పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరా దిమ్మిస కొట్టించి, మళ్లీ టెస్ట్ చేయించాలి. లేదంటే క్రేన్‌ని వెనక్కి జరపాలి. గొయ్యి గానీ, వదులుగా పూడ్చిన కాలువ గానీ ఉంటే దాని అంచు నుంచి కనీసం దాని లోతంత దూరంలో జాకీ ఉండాలన్నది గట్టి నేలల్లో అందరూ పాటించే లెక్క, నేల వదులైతే ఇంకా ఎక్కువ. మీటరున్నర వెనక్కి జరిపితే మ్యాట్ అంచుకి కాలువకి మధ్య రెండు మీటర్లు వస్తుంది, కాలువ లోతు 1.8. చాలు. కానీ రేడియస్ 12.5 కాస్తా 14 అయింది. చార్ట్‌లో 17.3 కాస్తా 14.9 అయింది. 63 శాతం కాస్తా 73 అయింది. మా గీత లోపలే ఉంది, కానీ గీతని ఆనుకుని ఉంది. 50 టన్నుల క్రేన్ అనే ఆలోచన ఆ రోజుతో పోయింది. క్రేన్ సైజు తేల్చింది ఎవరో తీసేసిన ఒక పాత డ్రైన్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేల సంగతి క్రేన్ తెచ్చినవాళ్లు చూసుకుంటారులే అని చాలా సైట్లలో అనుకుంటారు. అమెరికాలో 2010లో వచ్చిన క్రేన్ల నిబంధనల్లో ఇది స్పష్టంగా రాశారు. నేల సిద్ధం చేయించే బాధ్యత సైట్‌ని నడిపేవాళ్లదే, కింద గోతులో ట్యాంకులో పైపులో ఉన్నట్టు వాళ్ల కాగితాల్లో ఉంటే క్రేన్ ఆపరేటర్‌కి చెప్పాల్సిందీ వాళ్లే. నాకు ఇది నూటికి నూరుపాళ్లు న్యాయంగా అనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన ఆపరేటర్‌కి మన డ్రైన్లు ఎలా తెలుస్తాయి? ఆధారం సరిగ్గా లేకపోతే క్రేన్ ఎంత పెద్దదైనా ఏం చేయలేదు. 2015 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఆల్ఫెన్ ఆన్ డెన్ రైన్‌లో పాంటూన్ల (నీళ్ల మీద తేలే వేదికల) మీద నిలబెట్టిన రెండు మొబైల్ క్రేన్లు, లేపుతున్న వంతెన భాగంతో సహా పక్కనున్న ఇళ్ల మీద పడ్డాయి. ఆ అమరికకి స్థిరత్వం చాలలేదని దర్యాప్తులో తేలింది. ఆ వీడియో చూసినవాళ్లెవరూ నేల గురించి అడిగితే విసుక్కోరు.

స్థలం ఖాయమయ్యాక పైన చూశాం. ప్లాన్ డ్రాయింగ్ ఒక్కటే గీసి ఊరుకుంటే కుదరదు, పక్క నుంచి చూసిన బొమ్మ కూడా స్కేలు ప్రకారం గీయాలి. పైకప్పు ఎత్తు 18 మీటర్లు, దాని మీద ఒక మీటరు ఖాళీ, రెండున్నర మీటర్ల చిల్లర్, ఆపైన స్లింగులు, బీమ్, మళ్లీ స్లింగులు, హుక్ బ్లాక్. ఇవన్నీ పేర్చాక కూడా బ్లాక్‌కి బూమ్ చివరకి మధ్య ఖాళీ మిగలాలి, లేకపోతే లోడ్ పైకి అందకుండానే లిమిట్ స్విచ్ పనిచేసి ఆగిపోతుంది. బూమ్‌కి పారాపెట్ గోడకి (పైకప్పు అంచున ఉండే పిట్టగోడకి) మధ్య మీటరున్నర వచ్చింది. రోడ్డు వైపు కరెంటు లైను ఉంది, క్రేన్ నుంచి 22 మీటర్లు, మా బూమ్ 34 మీటర్లు. మేం అటు తిప్పాల్సిన పనే లేదు, అయినా తిరిగితే అందుతుంది కదా. అందుకని ఆ పూటకి సరఫరా ఆపించి, ఆపినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాం, క్రేన్ కంప్యూటర్‌లో అటువైపు తిరగకుండా హద్దు కూడా పెట్టించాం. రెండోది ఉంది కదా అని మొదటిది వదిలేయకూడదు. గేటు వెడల్పు, మలుపు, కౌంటర్‌వెయిట్ తెచ్చే ట్రైలర్ నిలిచే చోటు, ఇవి టేపు పట్టుకుని ఒక పూటలో అయిపోయాయి.

రిగ్గింగ్‌లో, అంటే లోడ్‌ని హుక్కుకి కట్టే సామానులో, నాకు బాగా పట్టింపు ఉన్నది స్లింగుల కోణం. రెండు స్లింగులు హుక్కు దగ్గర కలిసినప్పుడు నేలకి సమాంతరంగా గీసిన గీతతో 60 డిగ్రీలు ఉంటే ఒక్కోదాని మీద దాని వాటా బరువుకి 1.155 రెట్లు పడుతుంది. 45 డిగ్రీలకి 1.414 రెట్లు, 30కి వస్తే సరిగ్గా రెండింతలు. స్లింగు పొట్టిగా ఉంటే ఏముందిలే, అందింది కదా అనే ఖలాసీలకి నేను ఈ మూడు అంకెలూ బోర్డు మీద రాసి చూపిస్తాను. బీమ్ పైన ఉన్న రెండు స్లింగులూ కలిసి మోసేది దాదాపు పది టన్నులు, ఒక్కోదానికి ఐదు, 60 డిగ్రీల దగ్గర 5.8 దాకా వస్తుంది. 8 టన్నుల స్లింగులు తీసుకున్నాం. బీమ్ కింద నుంచి చిల్లర్ బేస్ దాకా స్లింగులు నిలువుగా దిగాలి, లేకపోతే లోపలికి నొక్కి కాయిల్స్ దెబ్బతింటాయి. ప్రతి బెల్టునీ విప్పి రెండు వైపులా చేత్తో తడిమి చూశాం. ఒకదాని కుట్టు పక్కన చిన్న కోత కనబడింది. ట్యాగ్ బాగుంది, సర్టిఫికెట్ ఉంది, రంగు కోడ్ సరైనదే. అయినా దాన్ని అక్కడే కోసి పారేయించాం, పక్కన పెడితే ఎవరో ఒకరు మళ్లీ తీసి వాడతారు.

ఇక గాలి. ఇది చాలామంది లెక్కలో పెట్టని సంగతి. చార్ట్‌లో మా బూమ్‌కి గాలి హద్దు సెకనుకి 9 మీటర్లు అని ఉంది. అది ఏ లోడ్‌కైనా అనుకుంటే పొరపాటు. లోడ్ టన్నుకి 1.2 చదరపు మీటర్ల గాలి తగిలే వైశాల్యం ఉంటుందనుకుని పెట్టిన హద్దు అది. మా 10.9 టన్నులకి అలా 13 చదరపు మీటర్లు వస్తాయి. కానీ చిల్లర్ పక్కభాగం 9 మీటర్ల పొడవు, రెండున్నర ఎత్తు, అంటే 22.5. దాన్ని ఆకారం కోసం 1.3తో హెచ్చిస్తే 29 దాటుతుంది. 13ని 29తో భాగించి, వర్గమూలం తీసి, 9తో హెచ్చిస్తే సెకనుకి 6 మీటర్లు, గంటకి సుమారు 22 కిలోమీటర్లు. చార్ట్‌లో 9 అని ఉంది, మా చిల్లర్‌కి మాత్రం 6 దగ్గరే ఆపాలి. 1999 జులై 14న అమెరికాలోని మిల్వాకీలో, కడుతున్న మిల్లర్ పార్క్ స్టేడియం పైకప్పు భాగాన్ని, 400 టన్నులకి పైబడినదాన్ని, గంటకి 30 కిలోమీటర్లు దాటిన గాలిలో లేపుతుండగా భారీ క్రేన్ కూలిపోయి ముగ్గురు కార్మికులు చనిపోయారు. క్రేన్ మీద పడే గాలిని లెక్కేశారు, లేపుతున్న ముక్క మీద పడే గాలిని లెక్కేయలేదు. ఆ సంగతి నేను లిఫ్ట్ ప్లాన్ మీటింగ్‌లో చెప్పాను. 6 అనే అంకె మీద ఆ తర్వాత ఎవరూ బేరమాడలేదు.

ఆ మీటింగ్‌కి ఆపరేటర్‌ని పిలవాల్సిందే అన్నాను. మామూలుగా పిలవరు, పని రోజు కాగితం చేతికిస్తారు. ఆయన వచ్చి నా లెక్కంతా విని, "చార్ట్ నేనూ చూసుకుంటా మేడమ్, ఏమీ అనుకోకండి" అని తన క్యాబిన్‌లో ఉండే పుస్తకం తెప్పించి వేలు పెట్టి వరస చూశాడు. అనుకోవడానికేముంది, నాకు కావాల్సింది అదే. ఎవరు ఎక్కడ నిలబడతారో అక్కడే తేల్చాం. కింద ఒక సిగ్నల్‌మన్, పైకప్పు మీద ఒకరు. ఎందుకంటే పారాపెట్ దాటాక ఆపరేటర్‌కి లోడ్ కింది భాగం కనబడదు. ఒక సమయంలో ఆపరేటర్ వినేది ఒక్కరి మాటే. కిందివాళ్లు "ఇక పైవాళ్లది" అని, పైనున్నవాళ్లు "తీసుకున్నాం" అనేదాకా లోడ్ కదలకూడదు. వాకీటాకీలో మాట ఆగిపోతే క్రేన్ కూడా ఆగిపోవాలి. "ఆపు" అని మాత్రం ఎవరైనా అనొచ్చు, హెల్పర్ అన్నా ఆగాల్సిందే, ఎందుకన్నావని తర్వాత కూడా ఎవరూ కోప్పడకూడదు. ఈ చివరి మాట ప్రాజెక్ట్ మేనేజర్ చేతే చెప్పించాను, నేను చెప్పినదానికన్నా ఆయన చెబితే కుర్రాళ్లకి ధైర్యం.

ముందురోజు క్రేన్ వచ్చింది. ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్, ఆపరేటర్ లైసెన్స్ చూశాం. జాకీలు పూర్తిగా బయటికి లాగి, మ్యాట్ల మధ్యకి వచ్చేలా సర్ది, టైర్లు నేల వదిలాక లెవెల్ చూశాం. చార్ట్‌లోని అంకెలు క్రేన్ సమతలంగా ఉన్నప్పటివే, ఒక శాతం ఒరిగినా ఇంత పొడవు బూమ్ చివర పెద్ద తేడా వస్తుంది. కంప్యూటర్‌లో కౌంటర్‌వెయిట్, జాకీల పొడవు, రోప్ ఎన్ని వరసలు వేశామన్నది సరిగ్గా ఎక్కించారో లేదో నేనే స్క్రీన్ దగ్గర నిలబడి చూశాను. అది తప్పు పెడితే, బరువు హద్దు దాటకుండా చూసే లోడ్ లిమిటర్ కూడా తప్పే చెబుతుంది. వెనక కౌంటర్‌వెయిట్ తిరిగే చోట మనిషి ఇరుక్కునేంత సందు ఎక్కడా లేకుండా గట్టి బ్యారికేడ్ పెట్టించాం, ఊరికే టేపు కట్టి వదల్లేదు. రాత్రి మళ్లీ వాన పడింది. పొద్దున్నే మ్యాట్ల చుట్టూ నీళ్లు నిలిచాయేమో, లెవెల్ మారిందేమో చూసి, ఏమీ మారలేదని రాసుకున్నాకే పర్మిట్ (పని మొదలుపెట్టే అనుమతి కాగితం) మీద సంతకం పెట్టాను.

గాలి లేని వేళ అని తెల్లవారగానే మొదలుపెట్టాం. టూల్‌బాక్స్ టాక్ (పనికి ముందు అందరికీ జాగ్రత్తలు చెప్పడం) పది నిమిషాలు, అంతకన్నా సాగదీస్తే ఎవరూ వినరు. గైడ్ రోపులు పట్టుకునే కుర్రాళ్లకి మాత్రం విడిగా చెప్పాను, తాడు చేతికి చుట్టుకోవద్దని, లోడ్ లాగితే వదిలేయమని.

ట్రైలర్ మీద నుంచి అరచేయంత ఎత్తు లేపి ఆపాం. కంప్రెసర్లు ఉన్న వైపు ఇంకా ట్రైలర్‌ని తాకుతూనే ఉంది, రెండోవైపు జానెడు లేచింది. డ్రాయింగ్‌లో సెంటర్ ఆఫ్ గ్రావిటీ కంప్రెసర్ల వైపు 40 సెంటీమీటర్లు జరిగి ఉంటుందని ముందే తెలుసు, బీమ్ అలాగే సర్దాం, అయినా ఇంకాస్త తేడా ఉంది. దించి, ఆ వైపు చెయిన్ రెండు లింకులు పొట్టి చేసి మళ్లీ లేపితే సమంగా వచ్చింది. అలాగే గాల్లో ఐదు నిమిషాలు ఉంచాం. ఆ ఐదు నిమిషాలూ నాకు చిల్లర్ వైపు చూసే పని లేదు. మ్యాట్ల దగ్గర లెవెల్ పట్టుకుని కూర్చున్నాను. క్రేన్ స్క్రీన్ మీద 11.0 అని చూపిస్తోందని ఆపరేటర్ చెప్పాడు, మా లెక్క 10.9. బ్రేకు పట్టి ఉంది, లోడ్ ఒక్క ముక్క కిందికి జారలేదు, మ్యాట్లు దిగలేదు. అప్పుడు "ఎత్తండి" అన్నాను.

పైకప్పు ఎత్తుకి వచ్చేసరికి బూమ్ చివర ఉన్న గాలి మీటర్ 5 చూపించింది, కింద మాకు ఆకు కూడా కదలడం లేదు. లోడ్ పారాపెట్ దాటి, పైవాళ్ల చేతికి మాట వెళ్లి, ప్లింత్ (చిల్లర్ కూర్చునే దిమ్మె) మీద రబ్బరు ప్యాడ్ల దగ్గరికి అడుగడుగునా దిగింది. లోడ్ నడుము కన్నా కిందికి వచ్చేదాకా ఎవరూ దగ్గరికి రాకూడదని పైన ముందే గీత గీసి ఉంచాం. బోల్టు రంధ్రాలు కలిశాక కూడా స్లింగులు వెంటనే వదల్లేదు. బరువంతా ప్లింత్ మీదికి వచ్చిందని, చిల్లర్ ఏ వైపూ ఊగడం లేదని చూసుకుని విప్పాం.

అదే పూట పంపుల స్కిడ్ (ఇనుప ఫ్రేమ్ మీద బిగించిన పంపులు) ఒకటి కూడా ఎక్కించాలి. అది చిన్నదే, రెండు టన్నులు. కానీ షీట్ల పెట్టెలో ప్యాక్ చేసి వచ్చింది, బరువుకి తగనంత వెడల్పు. దానికి వేసిన లెక్కలో హద్దు 6 కన్నా తక్కువే వచ్చింది. ఇక్కడ చిల్లర్ విప్పేసరికి పొద్దెక్కి గాలి 6.8 దాకా కొట్టడం మొదలైంది. ఆగాం. అరగంట, ఇంకో అరగంట. క్రేన్‌కి గంటల లెక్కన డబ్బు, అందరి ముఖాల్లో టెన్షన్. "రెండు టన్నులేగా, అంత పెద్దదే ఎక్కింది" అని ఒకరన్నారు. ఆపరేటర్ క్యాబిన్ దిగి వచ్చి, "ఈ పూట లేపను మేడమ్" అన్నాడు. నేను సరేనని పర్మిట్ మూసేశాను. మర్నాడు పొద్దున్నే పావుగంటలో ఎక్కింది.

పాత చిల్లర్ దించే పని తర్వాతి వారం పెట్టుకున్నాం. అది ఇంకో మీటరున్నర లోపలికి ఉంది, రేడియస్ 15.5, చార్ట్‌లో 12.9. పాత కాగితాల ప్రకారం బరువు 8.4, కానీ ఇన్నేళ్లలో పేరుకున్న తుప్పు, గొట్టాల్లో మిగిలే నీళ్లు, ఆయిల్ ఎంతో ఎవరికీ తెలియదు, అందుకని పది శాతం కలిపాను. రిగ్గింగ్‌తో కలిసి దాదాపు 11, అంటే 85 శాతం. మా గీత దాటేసింది. పెద్ద క్రేన్ తెప్పించే బదులు కంప్రెసర్లు పైనే విప్పి విడిగా దించాం, దాంతో మిగిలినది కలుపుడుతో సహా 7.3, రిగ్గింగ్‌తో 9, అంటే 70 శాతం. లేపే హుక్కుల దగ్గర వెల్డింగ్ తుప్పు పట్టి పొరలు లేస్తోంది. వాటిని ముట్టుకోకుండా బేస్ ఫ్రేమ్ కింద నుంచి బీములు దూర్చి లేపాం. హుక్కుకి లోడ్ సెల్ తగిలించి చూస్తే రిగ్గింగ్ తీసేశాక 7.1 టన్నులు వచ్చింది. ఆ అంకెని ఫైల్లో రాసి, తీసుకెళ్లే ట్రక్కు వాళ్లకి కూడా అదే ఇచ్చాం.